అతిశీతల సాధకుడు కామర్లింగ్ ఓనెస్

అగ్నిని పుట్టించడం మానవుడు అనాదికాలంలోనే నేర్చుకొన్నాడు. కొలిమిలో లోహాన్ని కరిగించాడు. బట్టీలో మట్టిని ఇటుకగా మార్చాడు. వేడిని పెంచే విద్యలో అతనికి వేల సంవత్సరాల అనుభవం ఉంది. చలిని పుట్టించే విద్య మాత్రం పందొమ్మిదో శతాబ్దం వరకు అతనికి పట్టుబడలేదు. మంచుకొండల మీదినుంచి మంచు తెచ్చుకోవడం, ఉప్పు కలిపి దాని చల్లదనాన్ని మరికొంత పెంచడం తప్ప వేరే మార్గం తెలియదు. అటువంటి స్థితినుంచి విశ్వంతరాళంలోని చలినే మించిన చలిని ఒక గాజుపాత్రలో బంధించే స్థితికి విజ్ఞానశాస్త్రాన్ని చేర్చిన మహనీయుడు హైకె కామర్లింగ్ ఓనెస్. ఆయన పుట్టింది ఇటుకల బట్టీ యజమాని ఇంట కావడం విశేషం.

వేడికి పైన హద్దు కనిపించదు. చలికి మాత్రం కింద ఒక హద్దు ఉంది. సెల్సియస్ మానంలో సున్నాకు దిగువన సుమారు 273 డిగ్రీల వద్ద ఉన్న ఆ హద్దును పరమశూన్య ఉష్ణోగ్రత అంటారు. అక్కడినుంచి లెక్కించే మానమే కెల్విన్ మానం. ఈ మానంలో మంచు 273 వద్ద కరుగుతుంది. ఆక్సిజన్ 90 వద్ద, హైడ్రోజన్ 20 వద్ద, హీలియం 4.2 వద్ద మరుగుతాయి. ఈ అంకెలు నేడు పాఠ్యపుస్తకాలలో సులభంగా దొరుకుతాయి. వాటిలో చివరి మెట్టుకు చేరడానికి ఓనెస్‌కు ఇరవై ఆరేళ్లు పట్టింది.

హైకె కామర్లింగ్ ఓనెస్ 1853 సెప్టెంబరు 21న నెదర్లాండ్స్ దేశంలోని గ్రోనింగెన్ నగరంలో జన్మించాడు. తండ్రి హార్మ్ కామర్లింగ్ ఓనెస్. తల్లి అన్నా గెర్డినా కోర్స్. ఆ ఇంట క్రమశిక్షణకు, కష్టించి పనిచేయడానికి ఎంత విలువ ఉండేదో కళలకు కూడ అంత ఆదరణ ఉండేది. హైకె సోదరుడు మెన్సో చిత్రకారుడుగా పేరు పొందాడు. హైకె బాల్యంనుంచి సున్నితమైన ఆరోగ్యం కలవాడు. శ్వాసకోశ వ్యాధి ఆయనను జీవితాంతం బాధించింది. అయినా ఆ దేహదౌర్బల్యం ఆయన సంకల్పాన్ని సడలించలేకపోయింది.

1870లో ఆయన గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. మరుసటి సంవత్సరమే ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం నిర్వహించిన వ్యాసపోటీలో స్వర్ణపతకం గెలుచుకొన్నాడు. ఆ ఏడే జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరానికి వెళ్లి బున్సెన్, కిర్కాఫ్ వంటి ఉద్దండుల వద్ద శిష్యరికం చేశాడు. తిరిగివచ్చిన తరువాత లోలకం సహాయంతో భూభ్రమణాన్ని కొత్త పద్ధతులలో నిరూపిస్తూ సిద్ధాంతవ్యాసం రచించి, 1879లో డాక్టరేట్ పట్టా పొందాడు. డెల్ఫ్ట్ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో సహాయకుడుగా పనిచేశాడు. ఆ రోజులలోనే ఆయనకు ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ డర్ వాల్స్‌తో మైత్రి కలిగింది. వాయువులన్నీ పైకి వేర్వేరుగా కనిపించినా ఒకే సూత్రానికి లోబడి ప్రవర్తిస్తాయని వాన్ డర్ వాల్స్ ప్రతిపాదించాడు. దానిని ప్రయోగంతో పరీక్షించాలంటే వాయువులను మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రతలకు తీసుకుపోవాలి. ఓనెస్ జీవితకార్యం అక్కడే నిర్ణయమైంది.

1882లో 29 ఏళ్ల వయస్సులో ఆయన లైడెన్ విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక భౌతికశాస్త్రానికి ఆచార్యుడుగా నియమితుడైనాడు. ఆ ఏడు నవంబరు 11న చేసిన తొలి ప్రసంగంలో తన మార్గాన్ని స్పష్టంగా ప్రకటించాడు. కొలతయే జ్ఞానానికి దారి అన్నది ఆయన నమ్మిన సూత్రం. ప్రతి ప్రయోగశాల ద్వారం మీద ఆ మాటను చెక్కించాలని ఆయన కోరిక. ఊహ ఎంత గొప్పదైనా తూకానికి, కొలతకు నిలవనిదే శాస్త్రం కాదని ఆయన విద్యార్థులకు బోధించాడు. 1887లో మరియా బైలెవెల్డ్‌ను వివాహమాడాడు. వారికి ఆల్బర్ట్ అనే ఒక కుమారుడు కలిగాడు.

అప్పటి భౌతిక ప్రయోగశాలలు సాధారణంగా ఒక ఆచార్యుడు, ఒకరిద్దరు సహాయకులు పనిచేసే చిన్న గదులు. ఓనెస్ ఆ సంప్రదాయాన్ని మార్చాడు. పంపులు, కంప్రెసర్లు, గొట్టాలు, వాయుపాత్రలతో తన ప్రయోగశాలను ఒక కర్మాగారంగా తీర్చిదిద్దాడు. గాజును ఊది కోరిన ఆకారం తెచ్చే పనివారు, లోహపు పనిముట్లను చేసే నిపుణులు దొరకక తొలి సంవత్సరాలలో పని కుంటుపడింది. అందుకని వారిని తానే తయారుచేసుకోవాలని నిశ్చయించాడు. ఆ ప్రయత్నం క్రమంగా పెరిగి 1901లో పరికరనిర్మాతల శిక్షణ పాఠశాలగా రూపొందింది. నీలిరంగు దుస్తులు ధరించి ప్రయోగశాలలో తిరిగే ఆ బాలురను లైడెన్‌లో నీలి బాలురని పిలిచేవారు. లోహపు పనిలో గెరిట్ ఫ్లిమ్, గాజు పనిలో ఓస్కార్ కెసెల్‌రింగ్ ఆయనకు కుడి ఎడమ భుజాలుగా నిలిచారు. ఆ పాఠశాల ఒక శతాబ్దం దాటినా నేటికీ నడుస్తున్నది.

వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడటం మనకు తెలిసిందే. కుండ రంధ్రాల గుండా పైకి వచ్చిన తేమ ఆవిరి అవుతూ లోపలి నీటిలోని వేడిని తీసుకుపోతుంది. లైడెన్ యంత్రాలలో పనిచేసిన మూలసూత్రం కూడ ఇదే. మొదట మిథైల్ క్లోరైడ్‌ను ద్రవంగా మార్చి, పంపుతో దానిని వేగంగా ఆవిరి చేసి చల్లబరచాలి. ఆ చల్లదనంతో ఇథిలీన్‌ను ద్రవంగా మార్చాలి. ఇథిలీన్ చల్లదనంతో ఆక్సిజన్‌ను ద్రవీకరించాలి. ఒక్కొక్క వాయువు తరువాతి వాయువుకు మెట్టుగా నిలుస్తుంది. పై మెట్టు కదిలితే కింది మెట్టు కూలుతుంది. ఈ విధంగా 1890ల తొలినాళ్లలో లైడెన్‌లో గంటకు అనేక లీటర్ల చొప్పున ద్రవ ఆక్సిజన్ తయారు కాసాగింది. ఇతరులు కొద్ది చుక్కలు చూసి ఆనందించే కాలంలో లీటర్ల కొలదిగా తయారుచేయడం ఓనెస్ ప్రత్యేకత. కొలతలు నిలకడగా జరగాలంటే చలి కూడ నిలకడగా లభించాలని ఆయనకు తెలుసు.

అంతలో ఊహించని విఘ్నం ఎదురైంది. 1807 జనవరి 12న లైడెన్ కాలువలో ఆగి ఉన్న ఒక తుపాకిమందు ఓడ పేలి సుమారు 150 మంది మరణించారు. నగరం నడిబొడ్డున ఇళ్లు నేలమట్టమైనాయి. ఓనెస్ ప్రయోగశాల వెలసినది ఆ శిథిలప్రదేశంలోనే. అధిక పీడనంతో వాయువులను నింపిన పాత్రలు అక్కడ ఉన్నాయని 1895లో తెలియగానే నగరవాసులలో పాతభయం మేల్కొన్నది. నగరపాలకులు అభ్యంతరం తెలిపారు. నిపుణుల సంఘం ఏర్పడింది. విచారణ సాగింది. శీతలయంత్రాలు నిలిచిపోయాయి. ప్రజల భయం నిరాధారమైనది కాదు. శాస్త్రజ్ఞుని అవసరం కూడ అసత్యం కాదు. ఓనెస్ కోపగించి నగరం వదిలిపోలేదు. తన జాగ్రత్తలను ఒక్కొక్కటిగా వివరించి, అనుమతి కోసం ఓపికతో వేచి ఉన్నాడు. 1898లో గాని ఆ అనుమతి రాలేదు.

ఆ మూడు సంవత్సరాల మూల్యం తక్కువది కాదు. శీతలశాస్త్రంలో ఆయనకు సమవుజ్జీ అయిన జేమ్స్ డ్యువర్ అప్పుడు లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పనిచేస్తున్నాడు. నేడు ఇంటింటా ఉన్న థర్మాస్ ఫ్లాస్క్‌కు మూలమైన శూన్యపాత్రను రూపొందించినవాడు ఆయనే. 1898 మే నెలలో డ్యువర్ హైడ్రోజన్‌ను తొలిసారిగా ద్రవీకరించాడు. ఆ కీర్తి లైడెన్‌కు దక్కకుండా పోయింది. అయితే లైడెన్ ప్రయోగశాలను మూయరాదని మద్దతుగా లేఖ రాసిన శాస్త్రవేత్తలలో డ్యువర్ కూడ ఉన్నాడు. ఓనెస్ సైతం తొందరపడి చిన్న యంత్రంతో సరిపెట్టుకోలేదు. ఎనిమిదేళ్లు శ్రమించి 1906లో హైడ్రోజన్‌ను ధారాళంగా ద్రవీకరించే యంత్రాన్ని సిద్ధం చేశాడు. ఆలస్యంగా వచ్చిన ఆ యంత్రమే తరువాతి విజయానికి పునాది అయింది.

ఇక మిగిలినది హీలియం. ఈ మూలకం కథలో తెలుగునేలకు కూడ చోటుంది. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు నిలిపాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన రేఖలు ఆనాడు కనిపించాయి. వాటిలోని పసుపుపచ్చ రేఖ తెలిసిన ఏ మూలకానికీ చెందదని ఇంగ్లండులో లాకియర్ ఆ తరువాత నిశ్చయించాడు. సూర్యునికి గ్రీకు భాషలో ఉన్న పేరును బట్టి ఆ మూలకానికి హీలియం అనే పేరు ఏర్పడింది. అప్పటికి ఓనెస్ పదిహేనేళ్లు నిండని బాలుడు. భూమి మీద హీలియం ఉన్నట్లు 1895లో విలియం రామ్సే కనుగొన్నాడు.

భూమి మీద హీలియం లభ్యత అప్పటికి అత్యల్పం. ఇసుకనుంచి తైలం తీయడాన్ని అసాధ్యకార్యానికి ఉదాహరణగా మన పెద్దలు చెబుతారు. ఓనెస్ ఇసుకనుంచి వాయువును తీశాడు. ఆయన సోదరుడు ఓనో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాణిజ్య సమాచార కార్యాలయానికి అధిపతి. అతని సహాయంతో అమెరికాలోని ఉత్తర కరోలినా నుంచి మోనజైట్ ఇసుక ఓడలలో వచ్చింది. ఆ ఇసుకను వేడిచేసి, వెలువడిన వాయువును పదేపదే శుద్ధిచేసి, కొన్ని వందల లీటర్ల హీలియంను కూడబెట్టారు. మరొకవైపు ఓనెస్ వాన్ డర్ వాల్స్ సూత్రం ఆధారంగా లెక్కలు వేశాడు. హీలియం ద్రవంగా మారగల ఉష్ణోగ్రతా పరిమితి 5 లేదా 6 కెల్విన్ ఉండవచ్చని అంచనాకు వచ్చాడు. గమ్యం ఎంత దూరమో కొలతే చెప్పింది.

1908 జులై 10న ఉదయం ఆరు గంటలు కాకముందే లైడెన్‌లో ప్రయోగం మొదలైంది. అంతకుముందే 75 లీటర్ల ద్రవవాయువు సిద్ధమైంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు 20 లీటర్ల ద్రవ హైడ్రోజన్ సమకూడింది. సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు హీలియంను యంత్రంలో తిప్పడం ప్రారంభించారు. హీలియం ఉన్న గాజుపాత్ర చుట్టూ ద్రవ హైడ్రోజన్, దాని చుట్టూ ద్రవవాయువు, అన్నిటికీ బయట ఆల్కహాలు. ఈ విధంగా ఒకదానిలో ఒకటి ఇమిడిన పాత్రల మధ్య ఆ వాయువు మళ్లీమళ్లీ చల్లబడుతూ వచ్చింది. ఎక్కడైనా కొద్దిగా బయటి గాలి చొరబడితే చాలు, అది మంచుగా గడ్డకట్టి సన్నని మార్గాన్ని మూసివేస్తుంది. ఏళ్ల శ్రమ క్షణంలో వ్యర్థమవుతుంది. ఓనెస్ చేతులు పరికరాల మీదినుంచి కదలలేని స్థితిలో ఉండగా ఆయన భార్య రొట్టెముక్కలు నోటికి అందించిందట.

ద్రవ హైడ్రోజన్ నిల్వ తరిగిపోతున్నది. చివరి పాత్రను కూడ యంత్రానికి కలిపారు. ఉష్ణోగ్రత కొంతవరకు దిగి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా అంతకన్న దిగలేదు. పాత్రలో ఏమీ కనిపించలేదు. ప్రయోగం విఫలమైందని భావించే సమయంలో పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి రసాయనశాస్త్ర ఆచార్యుడు స్క్రైనెమాకర్స్ అక్కడికి వచ్చాడు. ఉష్ణమాపకం ఇప్పటికే ద్రవంలో మునిగి ఉండవచ్చు కదా, పాత్రకు కిందినుంచి వెలుగు ప్రసరింపజేసి చూడండని సూచించాడు. అట్లు చేయగానే పాత్రలో ద్రవం ఉపరితలం కత్తి అంచువలె స్పష్టంగా కనిపించింది. పాత్ర దాదాపు నిండి ఉన్నది! నీటివలె స్వచ్ఛమైన ఆ ద్రవం పరిమాణం 60 ఘన సెంటీమీటర్లు. ఒక చిన్న తేనీటి కప్పుకు సరిపోయేటంత. భూమి మీద అంతవరకు ఎవ్వరూ చూడని పదార్థం అది. రాత్రి తొమ్మిది గంటల నలబై నిమిషాలకు ప్రయోగం ముగిసింది.

విజయం లభించిన తరువాత ఓనెస్ దృష్టి మళ్లీ కొలతల మీదికే మళ్లింది. అతిశీతల స్థితిలో లోహం విద్యుత్ప్రవాహాన్ని ఎట్లా అడ్డుకొంటుంది? ఈ ప్రశ్నకు అప్పుడు పరస్పర విరుద్ధమైన సమాధానాలుండేవి. పరమశూన్యం దగ్గర ఎలక్ట్రాన్లు కూడ గడ్డకట్టి నిరోధం అనంతమవుతుందని లార్డ్ కెల్విన్ అభిప్రాయం. నిరోధం క్రమంగా తగ్గి సున్నాకు చేరుతుందని మరికొందరి ఊహ. ప్లాటినం, బంగారం తీగలతో పరీక్షించగా నిరోధం తగ్గుతూ పోయి ఒకచోట నిలిచిపోయింది. అలా నిలిచిపోవడానికి లోహంలోని మాలిన్యమే కారణమని ఓనెస్ గ్రహించాడు. అన్ని లోహాలలోనూ సులభంగా శుద్ధి చేయదగినది పాదరసం. దానిని మళ్లీమళ్లీ బట్టీపట్టి, సన్నని గాజునాళాలలో నింపి, ద్రవ హీలియంలో ఉంచాడు.

1911 ఏప్రిల్ 8న ఆ ప్రయోగం జరిగింది. శీతలపాత్రను గెరిట్ ఫ్లిమ్ నడిపాడు. ఉష్ణోగ్రతను ఓనెస్, డోర్స్‌మన్ గమనించారు. విద్యుత్ నిరోధాన్ని యువశాస్త్రవేత్త గిలెస్ హోల్స్ట్ కొలిచాడు. పాదరసం నిరోధం దాదాపు సున్నా అయింది. పరికరంలో ఎక్కడో లోపం ఉండవచ్చునని అనుమానించి, రానున్న నెలలలో ప్రయోగాన్ని అనేకసార్లు పరీక్షించారు. లోపం లేదు. పైగా నిరోధం క్రమంగా తగ్గడం లేదు. 4.2 కెల్విన్ సమీపంలో మెట్టు దిగినట్లు ఒక్కసారిగా అదృశ్యమవుతున్నది. ఏ సిద్ధాంతమూ ఇటువంటిది ఊహించలేదు. పదార్థం ఒక కొత్త స్థితిలో ప్రవేశించిందని ఓనెస్ గుర్తించాడు. ఆ లక్షణమే అతివాహకత్వం. కొంతకాలానికి తగరం, సీసం కూడ అతివాహకాలేనని తేలింది.

1914లో ఆయన మరొక అద్భుతాన్ని చూపాడు. ద్రవ హీలియంలో ఉంచిన సీసపు తీగచుట్టలో విద్యుత్ప్రవాహాన్ని పుట్టించి, దానికి కారణమైన అయస్కాంతాన్ని తొలగించాడు. ప్రవాహం ఆగలేదు. పక్కన ఉంచిన దిక్సూచి ముల్లు గంటలు గడిచినా పక్కకు తిరిగే ఉన్నది. తోసేవాడు లేకుండానే తిరిగే చక్రంవలె విద్యుత్తు తనంతట తాను ప్రవహిస్తున్నది.

ఈ సందర్భంలో ఒక విషయం తప్పక చెప్పుకోవాలి. అతివాహకత్వాన్ని ప్రకటించిన 1911 నాటి పరిశోధనపత్రాలు ఓనెస్ ఒక్కని పేరుతోనే వెలువడ్డాయి. కొలతలు తీసిన హోల్స్ట్‌కు, యంత్రాలు నడిపిన ఫ్లిమ్‌కు వ్యాసం చివర కృతజ్ఞతలు మాత్రం దక్కాయి. ఆనాటి ప్రయోగశాలలలో అది సాధారణమైన ఆచారమే. ఓనెస్ తన సిబ్బందిని తండ్రివలె ఆదరించేవాడు, తండ్రివలెనే శాసించేవాడు. కాని కాలం హోల్స్ట్‌కు న్యాయం చేసింది. ఆయన తరువాత ఫిలిప్స్ సంస్థ పరిశోధనశాలకు తొలి అధిపతి అయినాడు. ఆనాటి కొలతలలో ఆయన పాత్రను చరిత్రకారులు నేడు స్పష్టంగా గుర్తిస్తున్నారు. మహాకార్యం ఏదీ ఒక్క చేతిమీదుగా జరగదనడానికి లైడెన్ ప్రయోగశాలయే నిదర్శనం.

1913లో కామర్లింగ్ ఓనెస్‌కు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అతిశీతల స్థితిలో పదార్థ ధర్మాలను పరిశోధించి, ద్రవ హీలియంను సాధించినందుకు ఆ గౌరవం దక్కింది. ఆ రోజులలో ఆయన ఒక గొప్ప కల కన్నాడు. నిరోధం లేని తీగకు వేడెక్కడం అనేదే ఉండదు కనుక, అతివాహకంతో తీగచుట్టలు చేసి ఇనుము సహాయం లేకుండా లక్ష గాస్‌ల బలమైన అయస్కాంతాన్ని నిర్మించవచ్చునని భావించాడు. అయితే ప్రకృతి అందుకు అంగీకరించలేదు. కొన్ని వందల గాస్‌ల అయస్కాంతక్షేత్రం తగలగానే సీసం తన అతివాహకత్వాన్ని కోల్పోయింది. ఓనెస్ ఆ నిరాశాజనకమైన ఫలితాన్ని దాచలేదు. విజయాన్ని ప్రకటించినంత నిజాయితీతోనే వైఫల్యాన్ని కూడ ప్రకటించాడు.

1922లో ఆయన 0.83 కెల్విన్ ఉష్ణోగ్రతను సాధించాడు. 1923లో పదవీవిరమణ చేశాడు. ఆ ఏడు కెనడాలోని టొరంటోలో హీలియం ద్రవీకరణం జరిగేవరకు, పదిహేనేళ్లపాటు ప్రపంచంలో ద్రవ హీలియం దొరికే ఏకైక స్థలం లైడెన్. 1926 ఫిబ్రవరి 21న ఓనెస్ పరమపదించాడు. ఆయన అంతిమయాత్ర గురించి డచ్చి శాస్త్రవేత్త కాసిమిర్ తన స్మృతులలో ఒక ముచ్చట రాశాడు. చర్చిలో ప్రార్థన ఆలస్యమైనందున శవపేటిక బండిని వేగంగా నడిపించవలసి వచ్చిందట. నల్లని దుస్తులతో వెనుక నడుస్తున్న పనివారు ఆయాసపడుతుంటే, ముసలాయన ఇప్పుడు కూడ మనలను పరుగెత్తిస్తున్నాడని ఫ్లిమ్ అన్నాడట. ఆ మాటలో విసుగు లేదు, ఆత్మీయత ఉన్నది. అదే సంవత్సరం ఆయన శిష్యుడు కీసమ్ అధిక పీడనం ఉపయోగించి హీలియంను ఘనపదార్థంగా మార్చాడు. గురువు సాధించలేకపోయిన పని ఆ విధంగా పూర్తయింది.

అతివాహకత్వానికి కారణం ఓనెస్ జీవితకాలంలో తెలియలేదు. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దానిని వివరించారు. 1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో నియోబియం, తగరం కలిసిన పదార్థం 88,000 గాస్‌ల క్షేత్రంలో కూడ అతివాహకంగానే ఉన్నట్లు తేలింది. ఓనెస్ కలగన్న అయస్కాంతం అర్ధశతాబ్దం తరువాత సాధ్యమైంది. రోగి శరీరాంతర్భాగాలను చూపే ఎం.ఆర్.ఐ. యంత్రాలలో నేడు పనిచేస్తున్నవి అటువంటి అయస్కాంతాలే.

ఆయన వారసత్వం మరొక రూపంలో కూడ వికసించింది. అది రేఖీయ కణత్వరణ యంత్రం. ఎలక్ట్రాన్ వంటి సూక్ష్మకణాలను సరళరేఖలో మహావేగంతో పరుగెత్తించే యంత్రమిది. కణాలు లోహంతో చేసిన బోలు గదుల వరుస గుండా సాగుతాయి. వాటిని కుహరాలంటారు. ఆ కుహరాలలో విద్యుత్ క్షేత్రం క్షణానికి కోట్లసార్లు దిశ మార్చుకొంటూ ఉంటుంది. కణం ఒక్కొక్క గదిలో ప్రవేశించే సమయానికి క్షేత్రం సరిగా ముందుకు నెట్టేటట్లు అమర్చుతారు. ఊయల ఊగేవానిని సమయం చూసి తట్టినట్లు కణానికి ప్రతి గదిలోనూ ఒక తోపు లభిస్తుంది. రాగితో చేసిన కుహరాలలో శక్తి చాలావరకు గోడలను వేడెక్కించడానికే ఖర్చవుతుంది. అందుచేత వాటిని బలమైన క్షేత్రంతో నిరంతరాయంగా నడపడం కష్టం. అదే నియోబియం లోహంతో కుహరాన్ని నిర్మించి అతిశీతల స్థితిలో ఉంచితే గోడలలో వృథా అయ్యే శక్తి లక్షల వంతు తగ్గిపోతుంది.

నియోబియం 9.2 కెల్విన్ వద్దనే అతివాహకమవుతుంది. అయినా వేగంగా దిశ మారే విద్యుత్తుకు అందులో స్వల్పమైన నిరోధం మిగిలే ఉంటుంది. దానిని ఇంకా తగ్గించడానికి కుహరాలను సాధారణంగా 2 కెల్విన్ వద్ద ద్రవ హీలియంలో ముంచి ఉంచుతారు. కుహరాల వరుసను హీలియం పాత్రతో సహా ఒక పొడవైన ఉక్కు పేటికలో అమర్చుతారు. దానినే క్రయోమాడ్యూల్ అంటారు. అత్యంత శీతలమైన భాగం మధ్యలో, దాని చుట్టూ కొంచెం తక్కువ చల్లని కవచాలు, బయట గాలి తీసివేసిన శూన్యం. 1908 జులై 10న లైడెన్‌లో ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్న గాజుపాత్రల అమరికలోని సూత్రం ఇందులోనూ కనిపిస్తుంది. పాదరసం శుద్ధి విషయంలో ఓనెస్ పట్టిన పట్టు కూడ ఇక్కడ వర్తిస్తుంది. కుహరం లోపలి గోడమీద కంటికి కనిపించని ధూళికణం ఉన్నా దాని పనితీరు చెడుతుంది. అందువలన కుహరాలను రసాయనాలతో మెరుగుపెట్టి, అతిశుద్ధమైన నీటితో కడిగి, దుమ్ములేని గదులలో కూర్చుతారు.

1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అతివాహక కుహరాలతో ఎలక్ట్రాన్లను త్వరణం చెందించారు. 2017లో జర్మనీలోని హాంబర్గ్ ప్రాంతంలో ప్రారంభమైన యూరోపియన్ ఎక్స్‌రే లేజర్ కేంద్రంలో ఎనిమిదేసి కుహరాలు గల క్రయోమాడ్యూళ్లు తొంభైకి పైగా భూగర్భంలో వరుసగా ఉన్నాయి. మన దేశంలో న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సెలరేటర్ సెంటర్‌లో నియోబియం కుహరాలతో కూడిన రేఖీయ త్వరణ యంత్రం నిర్మితమైంది. అక్కడ నియోబియం కుహరాలను తయారుచేసే సౌకర్యం కూడ ఏర్పడింది. ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ కూడ ఈ రంగంలో కృషి చేసింది. ఈ యంత్రాలన్నింటిలోనూ ప్రవహించే ద్రవానికి మూలం ఆనాడు లైడెన్‌లో కనిపించిన 60 ఘన సెంటీమీటర్ల ద్రవమే.

కామర్లింగ్ ఓనెస్ హీలియంను ద్రవీకరించినప్పుడు దానివలన కలిగే ప్రయోజనం ఏమిటో ఆయనకు గాని, లోకానికి గాని తెలియదు. ప్రయోజనం కనిపించలేదని ఆయన పని ఆపలేదు, కొలతలో అశ్రద్ధ చూపలేదు. మూడేళ్లు శీతలయంత్రాలు నిలిచిపోయినా, తొలి కీర్తి ఇతరులకు దక్కినా, కలగన్న అయస్కాంతం విఫలమైనా ఆయన మార్గం మారలేదు. యంత్రాలను నిర్మించడానికి ముందు వాటిని నిర్మించగల మనుషులను తీర్చిదిద్దాడు. కొలతలో నిజాయితీ, పనిలో శుద్ధి, సాధనలో సహనం, పనిచేసే చేతులపట్ల గౌరవం అనే నాలుగు గుణాలు చేరిన చోట విజ్ఞానం ఏనాడైనా ఫలిస్తుందని ఆయన జీవితం నిరూపిస్తున్నది.